కట్టు విప్పిన సాక్ష్యం

కాళ్లను చేసిన దేవునికి స్తోత్రం. గుండె నుంచి పాదానికి దిగిన రక్తం మళ్లీ పైకెక్కేలా దారి వేసి, ఆ దారి పొడవునా చిన్న చిన్న తలుపులు పెట్టి, అది వెనక్కి జారకుండా కాచిన ఆయన జ్ఞానానికి స్తోత్రం. మేము అడగకముందే ఇచ్చినందుకు స్తోత్రం. ఇచ్చినదాన్ని మేము గుర్తించకపోయినా విసుక్కోనందుకు స్తోత్రం. నేను చెప్పబోయేదాంట్లో ఆయన తప్పు ఏదీ లేదు. ఆ మాట ముందే చెప్పి మొదలుపెడుతున్నాను.

మా అమ్మ బాలానగర్‌లో రేకు డబ్బాలు చేసే ఒక వర్క్‌షాపులో పద్నాలుగేళ్లు ప్రెస్సు మెషీను ముందు నిలబడింది. కూర్చుంటే మెషీను పిడి అందదు కాబట్టి అక్కడ స్టూళ్లు ఉండేవి కావు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. కృష్ణా జిల్లా నుంచి మా ఇద్దరినీ తీసుకొచ్చింది ఆయనే. ఆయన పోయాక వెనక్కి వెళ్లే ఆలోచన అమ్మకు రాలేదు.

అమ్మ కాళ్ల మీద నరాలు ఉబ్బి ఉండటం నేను ఆరో తరగతిలో మొదటిసారి గమనించాను. మోకాలి వెనక నుంచి చీలమండ దాకా నీలంగా, ముడులు ముడులుగా, చర్మం కింద వానపాములు పడుకున్నట్టు ఉండేవి. ఎవరైనా అడిగితే బెజవాడ కాలువలన్నీ తన కాళ్ల మీదే ఉన్నాయని నవ్వేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పుల పట్టీలు లోపలికి దిగిపోయేవి. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చాక కొబ్బరినూనెలో కర్పూరం కలిపి నేను గట్టిగా మర్దన చేసేదాన్ని. బొటనవేలితో నొక్కితే ముడి మాయమయ్యేది, వేలు తీస్తే మళ్లీ వచ్చేది. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు నరాల బలహీనత అని చెప్పి ఎర్రటి సూదిమందులు పొడిచేవాడు. అలా ఏళ్లు గడిచాయి.

మాదాపూర్‌లో అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో మేము అటు మారాం. నాకు కొండాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు పని దొరికింది. అమ్మ ప్రెస్సు పని మానేసి, కొత్తగా తెరిచిన ఒక భవనంలో హౌస్‌కీపింగ్‌లో చేరింది. పాలరాతి నేల తుడవడం, తుడిచాక మళ్లీ ఎవరో బురదకాళ్లతో వచ్చేదాకా గోడ పక్కన నిలబడటం. నడిచే పని అయితే పరవాలేదనీ, ఊరికే నిలబడితేనే కాళ్లలో సీసం పోసినట్టు ఉంటుందనీ అనేది. నాకు ఆ తేడా అర్థం కాలేదు. తర్వాత ఒక డాక్టరు అదే మాట అన్నాడు.

మాదాపూర్ పాత ఊళ్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఇంటామె అక్కడే పుట్టి పెరిగిన మనిషి. వాళ్ల పొలాలు ఉన్నచోట అప్పుడు రోడ్డు పడుతోంది. మా సంఘం అక్కడికి పది నిమిషాల దూరంలో, బండల మధ్య, రేకుల షెడ్డులో కూడేది. పక్కనే బండలు పేల్చేవాళ్లు. పాస్టరు గారు పేలుడు ఆగేదాకా ఆగి, వదిలిన మాట దగ్గరే వాక్యం అందుకునేవారు.

నేను సండే స్కూల్లో పెరిగిన పిల్లని. కంఠత వాక్యాలకు ప్రతి ఏడాదీ బహుమతి నాదే. ఒక ఏడాది బైబిల్ తరగతులకు కూడా వెళ్లాను. ఎవరైనా వచనం తప్పుగా చెబితే కూర్చున్నచోటు నుంచే సరిదిద్దేదాన్ని. మా సంఘంలో సాక్ష్యాల రిజిస్టరు అని ఒకటి ఉండేది. ఎవరు నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్పినా అది ఆ రోజే అందులో రాయాలి. రాసే పని నాకు అప్పగించారు. దాన్ని ఎంత గౌరవంగా భావించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఒక ఏడాది వేసవికి ముందు అమ్మ కుడికాలు చీలమండ పైన చర్మం గోధుమరంగుకు తిరిగి, తోలులా గట్టిపడి, దురద మొదలైంది. ఇంటామె పట్టుబట్టి పెద్ద దవాఖానకు పంపింది. అక్కడి సర్జన్ అమ్మను బల్ల మీద పడుకోబెట్టి కాలు పైకెత్తాడు. నేను చూస్తుండగానే ఆ నీలి ముడులన్నీ ఖాళీ అయిపోయి కాలు చదునుగా మారింది. తొడ దగ్గర ఒక రబ్బరు గొట్టం బిగించి అమ్మను నిలబెట్టాడు. గొట్టం విప్పగానే పై నుంచి కిందకు నీళ్లు దూకినట్టు ముడులు నిండిపోయాయి.

ఇవి నరాలు కావనీ, రక్తాన్ని పైకి తీసుకెళ్లే నాళాలనీ ఆయన చీటీ వెనక గీసి చూపించాడు. వాటిలో తలుపులు ఉంటాయి. పిక్క కండరం నడిచేటప్పుడు పిండితే రక్తం పైకి వెళుతుంది, తలుపులు మూసుకుని దాన్ని ఆపుతాయి. ఏళ్లతరబడి కదలకుండా నిలబడితే ఆ తలుపులు పాడైపోతాయి, రక్తం కిందే నిలిచిపోతుంది, చర్మం చెడుతుంది, చివరికి పుండు పడుతుంది. అమ్మ కాలు చర్మం చెడేదాకా వచ్చేసింది. గట్టిగా మర్దన చేయొద్దన్నాడు. పొద్దున మంచం దిగకముందే కాలివేళ్ల నుంచి మోకాలి కింద దాకా సాగే గుడ్డకట్టు కట్టాలి, పాదం దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ కాస్త వదులుగా. పడుకున్నప్పుడు కాళ్లు గుండెకంటే ఎత్తులో ఉండాలి. వేసవి అయ్యాక ఆపరేషన్ చేసి ఆ పాడైన పెద్ద నాళాన్ని కట్టేసి తీసేస్తామనీ, మిగతా నాళాలు ఆ పని చూసుకుంటాయనీ చెప్పి జూన్‌లో తారీఖు రాసిచ్చాడు. చివర్లో ఇంకో రెండు మాటలు అన్నాడు. నా దగ్గర కాగితం లేక, అన్నీ బైబిల్ చివరి ఖాళీ పేజీలో, ప్రసంగాల నోట్సు కింద రాసుకున్నాను.

కట్టు పనిచేసింది. మొదటి వారం అమ్మకు తన కాలు తనది కానట్టు ఉండేది. రెండో వారానికి సాయంత్రపు వాపు సగమైంది. నెల దాటేసరికి దురద ఆగింది. ఎన్నో ఏళ్ల తర్వాత అమ్మ కాలి మీద చెప్పుల గుర్తు లేదు.

అదే రోజుల్లో మా సంఘంలో నలభై రోజుల ప్రార్థన జరిగింది. పాస్టరు గారు ప్రతి బుధవారం అమ్మ నుదుటి మీద నూనె రాసి ప్రార్థించారు. ఆయన నిష్ఠగల మనిషి. ఆయన ప్రార్థనలో మోసం లేదు, ఈ రోజుకీ ఆ మాట అంటాను. నలభై రోజులు ముగిసే ఆదివారం సాక్ష్యాలు చెప్పాలని ప్రకటించారు. అమ్మను నిలబడమని అడిగింది ఆయన కాదు, నేను.

"కట్టు కట్టుకుంటున్నానని కూడా చెప్పాలి కదే," అంది అమ్మ.

"ఆ సంగతి ఎందుకమ్మా? కట్టే బాగు చేసిందంటే ఇంక ప్రభువుకి ఏం మిగులుతుంది?"

"ఆయనకేం తక్కువే. కట్టు కూడా ఆయన ఇచ్చిందే అనుకోవచ్చుగా."

నేను ఒప్పుకోలేదు. విశ్వాసం గురించి ఒకటి తర్వాత ఒకటి వచనాలు చెప్పాను. అమ్మకు చదువు రాదు. తెలిసిన వాక్యమంతా నేను చదివి వినిపించిందే. నా నోటి నుంచి వచనం వచ్చాక అమ్మ ఎప్పుడూ ఎదురు చెప్పేది కాదు. ఆ రోజు అన్న ఆ ఒక్క మాట నేను చదివిన చదువంతటికంటే లోతైనదని నాకు తెలియలేదు.

ఆదివారం అమ్మ లేచి నిలబడింది. ఇన్నేళ్ల బాధ ప్రభువు తీసేశాడని చెప్పింది. పొద్దున కట్టు కట్టకుండా వచ్చింది. చీర కుచ్చిళ్లు రెండు వేళ్లు పైకెత్తి చీలమండలు చూపించింది. ఆడవాళ్లు ఏడ్చారు. స్తోత్రం, స్తోత్రం అని రేకులు అదిరేలా కేకలు. నేను రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశాను, స్వస్థతలకు ఎర్ర సిరా వాడేవాళ్లం.

సోమవారం పొద్దున అమ్మ మంచం మీద కూర్చుని కట్టు కోసం చెయ్యి చాపింది. నేను ఇవ్వలేదు. సంఘం ఆడవాళ్లు ఇద్దరు అదే భవనంలో పనిచేస్తారు. నిన్న అందరి ముందు అలా చెప్పి ఈ రోజు కట్టుతో కనబడితే ఏమనుకుంటారని అడిగాను. నిన్ను చూసి కాదు, ప్రభువును చూసి నవ్వుతారన్నాను. అమ్మ కాసేపు కాలు చూసుకుని దిగిపోయింది. ఆ కట్లు రెండింటినీ ఉతికి, ఆరబెట్టి, చుట్టచుట్టి ట్రంకుపెట్టె అడుగున పెట్టాను. జూన్‌లో ఆపరేషన్ తారీఖు వచ్చింది, వెళ్లింది. ఆ రోజు అమ్మ పాలరాయి తుడిచింది.

వర్షాలు మొదలయ్యేసరికి వాపు తిరిగి వచ్చింది. అమ్మ నాతో చెప్పలేదు. నేను చూశాను, నేనూ అడగలేదు. ఆమె చీర కుచ్చిళ్లు ఇంకా కిందకు దించి కట్టుకునేది. దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రలో ఉండగా చీర తొలగితే చూశాను. చీలమండ లోపలి వైపు చింతగింజంత పుండు, చుట్టూ నల్లగా నిగనిగలాడే చర్మం. లేచాక వేపాకు నీళ్లతో కడిగి పసుపు పెట్టాను. కట్టు ఊసెత్తలేదు. ఇది శోధన, నిలబడాలి అన్నాను. "నిలబడటం నాకు కొత్తేం కాదులే," అంది అమ్మ. నవ్వలేదు.

అమ్మకు మధ్యాహ్నం షిఫ్టు ఉండే శుక్రవారాల్లో మా గదిలో ఆడవాళ్ల ఉపవాస కూటం జరిగేది. పొద్దున తొమ్మిదికి మొదలుపెట్టి మోకాళ్ల మీద ప్రార్థించేవాళ్లు. మోకాళ్లు ముడిస్తే పిక్కలో రక్తం ఎక్కడికీ పోదని ఇప్పుడు తెలుసు. పుండు రేగుపండంత అయినా అమ్మ కూటం మానలేదు, మానితే ఎందుకని అడుగుతారు. నవంబరులో ఒక శుక్రవారం, బడికి సెలవు కాబట్టి నేనూ ఉన్నాను. పదకొండు దాటాక పాట పాడటానికి అందరం లేచాం. పక్కనున్నావిడ చాప తడిగా ఉందేమిటని కిందకు చూసింది.

అమ్మ చీర అంచు కింద నుంచి రక్తం సన్నని ధారగా చిమ్ముతోంది. అమ్మకు నొప్పి కూడా లేదు. చెంబు ఒలికిందేమో అనుకుని పక్కకు జరిగింది. జరిగినచోటల్లా ఎర్రటి అడుగులు.

మేము ఎనిమిది మంది ఆడవాళ్లం. అందరం కలిసి చేసింది ఇదీ: అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. మోకాలి కింద నా ఓణీ కట్టి బిగించాను. ధార ఇంకా పెరిగింది. ఒకావిడ నూనె సీసా తెచ్చింది. చుట్టూ నిలబడి అమ్మ తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాం. నేనే ముందు. కళ్లు మూసుకుని, గొంతెత్తి, పుండు ఉన్నచోటికి కాకుండా ఆకాశానికి. నా చేతుల కింద అమ్మ తల చల్లబడి ఒక పక్కకు వాలడం తెలుస్తోంది. అది పరిశుద్ధాత్మ ఇచ్చిన శాంతి అనుకున్నాను.

గోల విని ఇంటామె వచ్చింది. మమ్మల్ని తోసుకుని లోపలికి వచ్చి చూసి, ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"కుర్సీల ఎందుకు కూసవెట్టిండ్రే? పండవెట్టుండ్రి, పండవెట్టుండ్రి! ఆ గుడ్డ ఇప్పు ముందుగాల."

అమ్మను రెండు చంకల కింద చేతులేసి తానే నేల మీదికి దించింది. కాలు ఎత్తి తన భుజం మీద పెట్టుకుంది. కొంగు మడిచి పుండు మీద అరచేత్తో అదిమింది. ధార ఆగిపోయింది. అంత పని, కొళాయి కట్టేసినంత సులువుగా. నేను నమ్మలేక చూస్తున్నాను. ఆమె ఆయాసపడుతూ నా వైపు చూసి అంది:

"మా అత్తకు గిట్లనే అయింది. మేం కూడ కూసవెట్టినం. కూసవెట్టే సంపుకున్నం. ఇగ ఏడ్వకు, ఆటో పిలువు."

ఆటోలో అమ్మ వెనక సీటు పొడవునా పడుకుంది. ఇంటామె కింద ఇరుక్కుని ఆ కాలును దవాఖాన గేటు దాకా భుజం మీదే మోసింది. నేను డ్రైవరు పక్కన కూర్చుని చేతిలో బైబిల్ పట్టుకున్నాను. తీసుకెళ్లడానికి దొరికింది అదే.

రెండు సీసాల రక్తం ఎక్కించారు. సర్జన్ పాత చీటీ చూసి కట్టు ఎందుకు మానేశారని అమ్మను అడిగాడు. అమ్మ పైకప్పు చూస్తూ, ఉక్కపోతగా ఉండి మానేశానండి అంది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆయన పోయాక బైబిల్ చివరి పేజీ తీశాను. ఆ రోజు ఆయన చివర్లో అన్న రెండు మాటలు నా చేతిరాతలో ఉన్నాయి. ఎప్పుడైనా రక్తం వస్తే కూర్చోబెట్టొద్దు, నిలబెట్టొద్దు. పడుకోబెట్టి కాలు పైకెత్తి నొక్కాలి. ఆ పేజీకి ఎదురుగా, ప్రసంగపు నోట్సులో, విని మరిచిపోయేవాడి గురించి నేను రాసుకున్న అంశాలు మూడు ఉన్నాయి.

మూడు రోజుల తర్వాత కాలు మొత్తం ఉబ్బింది. స్కానింగ్‌లో లోపలి పెద్ద నాళంలో రక్తం గడ్డకట్టిందని తేలింది. ఇక ఆపరేషన్ కుదరదన్నారు. పైనున్న నాళాలు తీసేస్తే రక్తం పోవడానికి దారే ఉండదట. జూన్‌లో వచ్చి ఉంటే సులువుగా అయ్యేదని సర్జన్ నాకు విడిగా చెప్పాడు. కోప్పడలేదు. కోప్పడితే బావుండేది. బతికినంతకాలం కట్టు, మందులు, కాలు ఎత్తి పడుకోవడం. పుండు మానొచ్చు, మానకపోవచ్చు.

అమ్మ ఉద్యోగం పోయింది. రెండు నెలలు మంచం మీదే. పుండు వాసన గదిలో నిలిచిపోయేది. కూటం వేరే ఇంటికి మార్చారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి, బయటికి వచ్చాక నాతో, రిజిస్టరులో ఆ పేజీ అలాగే ఉండనివ్వమనీ, కొట్టేస్తే బలహీనులు తడబడతారనీ మెల్లగా అన్నారు. తలూపాను. తలుపు తెరిచే ఉంది, అమ్మ విన్నది.

"ఆ మాట నా నోటితో చెప్పాను. నా నోటితోనే వెనక్కి తీసుకుంటా. ఆదివారం తీసుకెళ్లు నన్ను," అంది.

తీసుకెళ్లాను. షెడ్డులో ముందు వరుసలో ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా ఇంకో కుర్చీ వేసి కాలు దాని మీద పెట్టాను. కాలివేళ్ల నుంచి మోకాలి దాకా కట్టు, అందరికీ కనబడేలా. సాక్ష్యాల సమయంలో అమ్మ చెయ్యెత్తింది. లేవలేదు, లేవకూడదు.

"మొన్న ఎండాకాలంలో ప్రభువు నా కాలు బాగు చేశాడని చెప్పాను. అప్పుడు కాలికి కట్టు ఉండేది. అది చెప్పలేదు. అబద్ధం ఆడాను. మీలో ఎవరికైనా ఇలాంటి కాలు ఉంటే డాక్టరు దగ్గరికి పోండి. ప్రార్థన చేసుకునే పోండి."

ఎవరూ స్తోత్రం అనలేదు. బయట బండ పేలింది, రేకులు వణికాయి. పాస్టరు గారు రిజిస్టరు వైపు చూశారు. అమ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే లేచేదాన్నేమో. ఆమె చెప్పినదాంట్లో ఒక అబద్ధం మిగిలిపోయింది. దాచింది తాను కాదు, దాచేలా చేసింది నేను. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు అరనిమిషం చాలు. రిజిస్టరు నా ఒళ్లో ఉంది, నల్ల సిరా పెన్ను చేతిలో ఉంది. నేను లేవలేదు. అమ్మ మాటలు రాశాను. అంతే.

ఆ తర్వాతి సంవత్సరం వానల్లో, ఒక పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటూ అమ్మకు ఊపిరి అందలేదు. దవాఖానకు చేరేలోగా పోయింది. కాలిలోని గడ్డ ఊపిరితిత్తులకు చేరి ఉంటుందన్నారు. ఆమె కాలికి కట్టు ఉంది. పొద్దున నేనే కట్టాను. శవపెట్టెలో పెట్టేటప్పుడు విప్పుతామన్నారు సంఘం ఆడవాళ్లు. ఇంటామె ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు నా ఎడమ పిక్క మీద నీలి గీతలు వచ్చాయి. నల్లబల్ల ముందు నిలబడే ఉద్యోగం, అమ్మ రక్తం. ప్రతి పొద్దున మంచం దిగకముందు కాలివేళ్ల నుంచి కట్టు మొదలుపెడతాను. ఒక్కో చుట్టుకూ ఒక్కో మనిషి పేరు ప్రభువుకు చెబుతాను. మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఇంకా చెప్పాల్సిన ఆ మాట మిగిలే ఉంటుంది. సంఘంలో చెప్పలేనిదాన్ని ఇక్కడ రాశాను. ఇదే నా సాక్ష్యం, ఎర్ర సిరాతో రాయదగ్గది కాదు.

చదువుతున్న మీరు ఎక్కడ ఉన్నా ఒక్క నిమిషం నాతో తల వంచండి. మంచివాడవైన తండ్రీ, నీ పేరు కాపాడతామని మనుషుల్ని చంపుకునే మా మూర్ఖత్వాన్ని క్షమించు. నిలబడి నిలబడి కాళ్లు చెడిన ఆడవాళ్లను ఈ అద్దాల మేడల్లో, ఆ రేకుల షెడ్లలో గుర్తుంచుకో. వాళ్లు నీ దగ్గరికి వచ్చినప్పుడు వాళ్ల కట్లు మేము విప్పకుండా మా చేతులు పట్టుకో. కాలును భుజానికెత్తుకున్న ఆ ఇంటామెను దీవించు, ఆమె నిన్ను ఏ పేరున పిలిచినా సరే. మా అమ్మ దగ్గర నా మాట నువ్వే చెప్పు. ఇది నిజమని మీకు అనిపిస్తే, నాతోపాటు ఆమేన్ అనండి.